గొంతు మారితే హక్కు మారుతుందా?

కొత్త పాటలకు వెల్లువెత్తుతున్న కవర్లు.. అసలు కళాకారులకు దక్కేదేమిటి?

మోపిదేవి: కొత్త సినిమా పాట ఇలా విడుదలైందో లేదో అలా అదే పాట మరొకరి గొంతులో అంతర్జాలంలో ప్రత్యక్షమవుతోంది. షష్ఠి ఉత్సవాల వేదికపై ఆర్కెస్ట్రా బృందం పాడినా, కళాశాల వార్షికోత్సవంలో విద్యార్థిని ఆలపించినా, మేడపై చరవాణి ముందు కూర్చుని ఓ యువకుడు గిటారు మీటుతూ పాడి పెట్టినా అన్నీ ఈ కోవలోనివే. వినేవారికి ఆనందం, పాడేవారికి గుర్తింపు. అయితే ఆ పాటను రాసిన కవికి, బాణీ కట్టిన సంగీత దర్శకునికి, తొలిసారి పాడిన గాయనీ గాయకులకు దీనివల్ల మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా అన్నది అంత తేలికగా తేలే విషయం కాదు. ముగ్గురికీ ఒకే ఫలితం రాకపోవడమే ఇందులోని మెలిక.

ఈ విషయం మాట్లాడుకోవడానికి మోపిదేవి మండలం కంటే తగిన చోటు జిల్లాలో మరొకటి ఉండదేమో. మండలంలోని పెదకళ్లేపల్లి కృష్ణా తీరాన నాగేశ్వరస్వామి కొలువైన పుణ్యక్షేత్రంగానే అందరికీ తెలుసు. తెలుగు సినిమా పాటకు ఇద్దరు ఉద్దండులను ఇచ్చిన ఊరు కూడా అదే. ‘సంసారం’, ‘సంతానం’, ‘ఇలవేలుపు’, ‘నర్తనశాల’ చిత్రాలకు బాణీలు కూర్చిన సుసర్ల దక్షిణామూర్తి (1921-2012) ఇక్కడివారే. లతా మంగేష్కర్ చేత తెలుగులో తొలిసారి పాడించిన ఘనత ఆయనది. 1955 నాటి ‘సంతానం’ చిత్రం కోసం. వేల పాటలు రాసిన వేటూరి సుందరరామమూర్తి (1936-2010) పుట్టినదీ ఈ ఊరిలోనే. వీరి పాటలు ఈనాటికీ పాడని వేదిక లేదు, ఎత్తుకోని పోటీ లేదు. మరి ఇన్నిసార్లు ఇన్ని గొంతుల్లో మారుమోగే పాటపై వారికి, వారి వారసులకు చట్టప్రకారం ఏం దక్కుతుంది?

ఒక పాట.. మూడు హక్కులు

చట్టం దృష్టిలో పాట ఒకే వస్తువు కాదు. సాహిత్యం ఒకటి, సంగీతం ఒకటి, ఆ రెండింటినీ కలిపి గొంతుతో, వాద్యాలతో ముద్రించిన శబ్దగ్రహణం మరొకటి. 1957 నాటి కాపీరైట్ చట్టం ఈ మూడింటినీ వేర్వేరు రచనలుగా పరిగణిస్తుంది. సాహిత్యానికి, సంగీతానికి రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. వేటూరి పదాలకు 2070 చివరి వరకు, సుసర్ల బాణీలకు 2072 చివరి వరకు ఈ రక్షణ వర్తిస్తుంది. శబ్దగ్రహణానికి మాత్రం ప్రచురితమైన ఏడాది తర్వాత 60 ఏళ్లే. ఆ లెక్కన 1955 నాటి రికార్డుపై హక్కు 2015తోనే ముగిసింది. అందులోని బాణీపై మాత్రం ఇంకా సజీవంగానే ఉంది. పాత రికార్డును అలాగే వినిపించడం ఒక సంగతి, అదే పాటను కొత్తగా పాడి రికార్డు చేయడం మరో సంగతి కావడానికి కారణమిదే.

ఈ మూడూ కాక నాలుగోది గాయకుని ప్రదర్శనా హక్కు. మన దేశంలో ఇది చాలా ఆలస్యంగా వచ్చింది. 1994 సవరణ వరకు గాయకునికి చట్టంలో చోటే లేదు. అప్పుడు 25 ఏళ్లుగా నిర్ణయించిన గడువును 1999లో 50 ఏళ్లకు పెంచారు. అయినా సినిమాలో పాడటానికి ఒప్పుకున్న మరుక్షణం ఆ హక్కు అడుగంటేది. 2012 సవరణతోనే సినిమా గాయకులకు కూడా వారి ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే వీలు కలిగింది.

కవర్ పాట విషయంలో గాయకుడు నష్టపోయేది సరిగ్గా ఇక్కడే. చట్టం రక్షించేది ఆయన పాడిన ఆ రికార్డునే తప్ప ఆ పాటను కాదు. మరొకరు అదే పాటను అదే తీరులో, అదే గమకంతో పాడి రికార్డు చేస్తే అందులో మొదటి గాయకుని గొంతు లేదు కనుక ఆయనకు పైసా రాదు. కవికి, స్వరకర్తకు మాత్రం వస్తుంది, కనీసం కాగితంపై వస్తుంది. ఎందుకంటే పదాలు, బాణీ రెండూ కవర్‌లోనూ ఉన్నాయి. ఒక పాటకు వంద కవర్లు వస్తే కవికి వంద దారులు తెరుచుకోవచ్చు. తొలి గాయకునికి వందమంది పోటీదారులు తయారవుతారు. పాటను జనం నాలుకపై నిలబెట్టిన గొంతుకే చట్టం తక్కువ తూకం వేసిందన్న విమర్శలో నిజం లేకపోలేదు.

ఐదేళ్ల గడువు వెనుక కథ

కవర్ పాటల పంచాయతీ అంతర్జాలంతో మొదలైంది కాదు. 1980వ దశకంలో క్యాసెట్లు పల్లెలకు చేరిన రోజుల్లోనే ఇది రాజుకుంది. అప్పటివరకు పాత సినిమా పాటలన్నీ గ్రామఫోన్ కంపెనీ చేతిలో ఉండేవి. గుల్షన్ కుమార్ నెలకొల్పిన టీ-సిరీస్ ఆ పాటలనే కొత్త గొంతులతో పాడించి, చౌక ధరకు క్యాసెట్లు విడుదల చేసి మార్కెట్‌ను ముంచెత్తింది. తొలి రికార్డు వచ్చాక, హక్కుదారుకు నోటీసు ఇచ్చి, రాయల్టీ చెల్లించి ఎవరైనా తిరిగి రికార్డు చేసుకోవచ్చన్న నిబంధన అప్పటి చట్టంలో ఉండేది. దానినే కంపెనీ ఆసరాగా చేసుకుంది. పరిశ్రమ గగ్గోలు పెట్టింది, కేసులు నడిచాయి.

ఇందులో ఇంకో కోణమూ ఉంది. ఆ కవర్ క్యాసెట్లే ఎందరో గాయకులకు తొలిమెట్టయ్యాయి. రఫీ పాటలను తిరిగి పాడిన క్యాసెట్లతోనే సోనూ నిగమ్ పేరు బయటికి వచ్చింది. అదే సోనూ నిగమ్ తర్వాతి కాలంలో గాయకుల రాయల్టీ కోసం గట్టిగా గళమెత్తిన వారిలో ముందు వరుసలో నిలిచారు. ఎక్కే మెట్టుకు, ఎక్కిన మెట్టుకు చూపు వేరుగా ఉండటం సహజమే.

2012 సవరణలో పాత నిబంధనను తొలగించి, 31-సి అనే కొత్త సెక్షన్‌ను చేర్చారు. కొత్త పాటల విషయంలో ఇప్పటికీ గీటురాయి ఇదే. దీని ప్రకారం తొలి రికార్డు వెలువడిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాల వరకు, హక్కుదారు అనుమతి లేకుండా ఎవరూ కవర్ రికార్డును తీసుకురారాదు. అంటే 2025లో విడుదలైన పాటకు 2030 చివరి వరకు ఈ కవచం ఉంటుంది. పాటకు నాలుగు రాళ్లు వచ్చేది తొలి రోజుల్లోనే కాబట్టి ఆ కాలమంతా అసలు రికార్డుకే దక్కాలన్నది ఉద్దేశం.

గడువు దాటాక కూడా షరతులున్నాయి. ముందుగా నోటీసు ఇవ్వాలి. అట్టలు, లేబుళ్ల నమూనాలు అందజేయాలి. రాయల్టీ ముందే చెల్లించాలి. అమ్మినా అమ్మకున్నా ఏటా కనీసం 50,000 ప్రతులకు లెక్కగట్టి కట్టాలి. ప్రాంతీయ భాషల్లో అంత గిరాకీ ఉండదన్న ఆలోచనతో ఆయా భాషలకు ఈ సంఖ్యను తగ్గించే వెసులుబాటు కూడా చట్టంలో పెట్టారు. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప పదాలను, బాణీని మార్చరాదు. తొలి గాయకుని పేరుతోనో బొమ్మతోనో కొనుగోలుదారును తికమక పెట్టరాదు. ఇది కవర్ వెర్షన్ అని అట్టపై స్పష్టంగా రాయాలి.

ఈ నియమాలన్నీ క్యాసెట్లు, సీడీలను దృష్టిలో పెట్టుకొని రాసినవని చదవగానే తెలిసిపోతుంది. అట్ట లేని, ప్రతి లేని అంతర్జాల కాలానికి ఇవి చాలీచాలని చొక్కాలా ఉన్నాయి. పైగా సెక్షన్ చెప్పేది శబ్దగ్రహణం గురించే. దానికి దృశ్యం జోడించి వీడియో చేస్తే హక్కుదారుతో విడిగా మాట్లాడుకోవాల్సిందే.

మరి యూట్యూబ్‌లో వేలకొద్దీ కవర్లు ఎలా నిలుస్తున్నాయి? చట్టం వల్ల కాదు, ఒప్పందాల వల్ల. సంగీత కంపెనీలు తమ పాటల వివరాలను ఆ సంస్థకు అప్పగిస్తాయి. 2007లో మొదలైన కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం పాటను పసిగడుతుంది. తొలగించాలా, ఉండనిచ్చి ప్రకటనల ఆదాయం తామే తీసుకోవాలా అన్నది కంపెనీ ఇష్టం. చాలా సందర్భాల్లో రెండోదే జరుగుతోంది. తమ వీడియోపై ‘కాపీరైట్ క్లెయిమ్’ అని కనపడగానే కంగారుపడే యువ గాయకులు ఎందరో. చాలాసార్లు దాని అర్థం వీడియో ఉంటుంది, డబ్బు మాత్రం కంపెనీకి వెళుతుంది అనే. ఆ డబ్బులో కవికి, స్వరకర్తకు వాటా చేరాలంటే వారు హక్కుల సొసైటీలో సభ్యులై ఉండాలి, పాటల వివరాలు నమోదై ఉండాలి.

రీమిక్సులో కవి ఎక్కడ?

సినిమావారే పాత పాటను మళ్లీ కొత్త సినిమాలో వాడుకోవడం ఇంకో రకం. వేటూరి పాటల్లో ఈ భాగ్యం, లేదా అభాగ్యం, పట్టినవి అనేకం. ‘యమగోల’ (1977) కోసం ఆయన రాసిన ‘ఓలమ్మీ తిక్కరేగిందా’కు చక్రవర్తి బాణీ కట్టగా, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, పి.సుశీల పాడారు. సరిగ్గా ముప్పై ఏళ్లకు ‘యమదొంగ’ (2007)లో అదే పాట జూనియర్ ఎన్టీఆర్, మమతా మోహన్‌దాస్ గొంతుల్లో వినిపించింది. ‘కొండవీటి దొంగ’ (1990)లోని ‘శుభలేఖ రాసుకున్నా’ 2013లో ‘నాయక్’ చిత్రంలో తిరిగి పలికింది. ‘యముడికి మొగుడు’ (1988)లోని ‘అందం హిందోళం’ 2016లో ‘సుప్రీమ్’లోకి వచ్చింది. చివరి రెండూ తెరకెక్కేసరికి కవి లేరు.

ఇటువంటి వాటికి ఐదేళ్ల నిబంధనతో పనిలేదు. హక్కు ఎవరి చేతిలో ఉందో వారే అనుమతి ఇస్తారు. ఆ హక్కు సాధారణంగా కవి చేతిలో ఉండదు. ‘యమగోల’ విడుదలైన 1977లోనే సుప్రీంకోర్టు వెలువరించిన ఒక తీర్పు సినిమా రంగంలోని కవులకు, స్వరకర్తలకు గొడ్డలిపెట్టయింది. ప్రతిఫలం ఇచ్చి పాట రాయించుకున్న నిర్మాతే, వేరే ఒప్పందం లేనంతవరకు, దానికి తొలి హక్కుదారు అని ఐపీఆర్ఎస్ కేసులో న్యాయస్థానం తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ తన వంతుగా చేర్చిన మాటల్లో, పాటకు ప్రాణం పోసే గాయకునికి చట్టంలో ఏ హక్కూ లేకపోవడాన్ని ఎత్తిచూపి, దీనిపై చట్టసభలు ఆలోచించాలని సూచించారు. ఆలోచించడానికి పదిహేడేళ్లు పట్టింది.

కవుల గోడు వినడానికి ఇంకా ఎక్కువ కాలమే పట్టింది. 2012 సవరణలో అత్యంత విలువైన అంశం ఇదే. హక్కును నిర్మాతకు రాసిచ్చినా, సినిమా హాలులో సినిమాతో పాటు ప్రదర్శించడం మినహా మిగతా వాడకాలన్నింటిపై వచ్చే రాయల్టీలో కవికి, స్వరకర్తకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నట్లు సంతకం చేసినా చెల్లదు. కవులు, గాయకుల తరఫున రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా వాదించిన సవరణ ఇది. అంతకుముందు రాసిన పాటలకు, చేసుకున్న ఒప్పందాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై మాత్రం న్యాయస్థానాల్లో వాదోపవాదాలు నడిచాయి.

డబ్బుతో ముడిపడనిది మరొకటుంది. హక్కును అమ్ముకున్నా కవికి మిగిలిపోయే నైతిక హక్కు. 57వ సెక్షన్ ప్రకారం తన రచనకు తన పేరు ఉండాలని కోరవచ్చు. తన పేరుప్రతిష్ఠలకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకోవచ్చు. ఈ హక్కును వారసులు కూడా వినియోగించుకోవచ్చు. కవర్ వీడియోల కింద పాడినవారి పేరు, గిటారు వాయించినవారి పేరు, కెమెరా పట్టినవారి పేరు సైతం కనిపిస్తూ, రాసినవారి పేరు కనిపించకపోవడం నిత్యం చూస్తున్నదే. ఈ విషయంలో మన పూర్వులే తెలివైనవారు అనిపిస్తుంది. పక్కనే ఉన్న మొవ్వకు చెందిన క్షేత్రయ్య 17వ శతాబ్దంలోనే తన పదాల్లో మువ్వగోపాల ముద్ర వేసి పెట్టుకున్నారు. తంజావూరులో పాడినా, కూచిపూడిలో ఆడినా ఆ పదం ఎవరిదో చెప్పనవసరం లేకపోయింది. సినిమా కవికి ఆ వీలు లేదు.

వేదికపై పాడితే..

ఆర్కెస్ట్రాలు, పెళ్లి బృందాలు, ఉత్సవ కమిటీలు తెలుసుకోవాల్సినది ఇక్కడుంది. మతపరమైన వేడుకలో నిజాయితీగా జరిగే పాటకు, పెళ్లి ఊరేగింపుతో సహా వివాహ సంబంధ వేడుకల్లో పాడే, వినిపించే పాటలకు అనుమతి అవసరం లేదని చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. పెళ్లి మండపాల వద్ద రాయల్టీ పేరుతో వసూళ్లు జరుగుతున్నాయన్న ఫిర్యాదులు రావడంతో కేంద్ర ప్రభుత్వ వాణిజ్య, పరిశ్రమల శాఖలోని సంబంధిత విభాగం 2023 జులైలో దీనిపై బహిరంగ ప్రకటన కూడా జారీ చేసింది. టిక్కెట్టు పెట్టి నిర్వహించే సంగీత విభావరికి ఈ మినహాయింపు వర్తించదు. అక్కడ పాట పాడాలంటే సాహిత్య, సంగీత హక్కులకు సంబంధించిన సొసైటీ నుంచి నిర్వాహకులు లైసెన్సు తీసుకోవాలి.

లైసెన్సు బాధ్యత నిర్వాహకునిదా, గాయకునిదా, అసలు ఆ పాటపై హక్కు ఎవరిది అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా తెలుగువారి ముందుకొచ్చిన సందర్భం 2017 మార్చి. అమెరికాలో స్వర్ణోత్సవ పర్యటనలో ఉన్న బాలసుబ్రహ్మణ్యానికి, తన అనుమతి లేకుండా తన పాటలు పాడరాదంటూ ఇళయరాజా తరఫున నోటీసు అందింది. ఈ విషయాన్ని బాలు స్వయంగా ఫేస్‌బుక్ ద్వారా వెల్లడించి, ఇకపై ఆ పాటలు పాడబోనని తెలిపారు. తాను పాడి ప్రసిద్ధి తెచ్చిన పాటను తానే పాడకూడదా అని అభిమానులు మండిపడ్డారు. వేదికపై తిరిగి పాడినంతవరకు తొలి గాయకుడు కూడా చట్టం దృష్టిలో కవర్ గాయకుడే. వినడానికి కఠినంగా ఉన్నా, స్వరకర్త వాదనలో పస ఉంది. అయితే నోటీసు వెళ్లవలసింది టిక్కెట్లు అమ్మినవారికే గానీ నాలుగు దశాబ్దాల సహచరునికి కాదన్నది చాలామంది మాట. 2019 జూన్‌లో చెన్నైలో ఇద్దరూ ఒకే వేదికను పంచుకోవడంతో ఆ వివాదం సద్దుమణిగింది.

కవర్ పాడటం ఎంత గౌరవంగా ఉండగలదో చూపినవారూ బాలునే. ఈటీవీలో 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో పిల్లలు పాడినవన్నీ ఒక రకంగా కవర్లే. పాట పాడే ముందు చిత్రం, కవి, సంగీత దర్శకుడు, తొలి గాయకుల పేర్లు చెప్పించడం, తప్పితే సరిదిద్దడం అక్కడ ఆనవాయితీ. వేటూరి పేరు, సుసర్ల పేరు కొత్త తరానికి చేరడంలో ఆ కార్యక్రమం వాటా తక్కువేమీ కాదు.

ఉత్సవ పందిళ్లలో వినిపించే మరో రకం పాటలది వేరే దారి. తాజా సినిమా బాణీకి వినాయకుని మీదో, అయ్యప్ప మీదో పదాలు అల్లి పాడటం క్యాసెట్ల కాలం నుంచీ ఉంది. దీన్ని కవర్ అనరు. సాహిత్యం మొత్తం మారిపోయింది కనుక కవి చిత్రం నుంచి తప్పుకుంటాడు, బాణీ మాత్రం అచ్చంగా వాడుకున్నట్టే. పందిట్లో భజనగా పాడుకుంటే పేచీ లేదు. రికార్డు చేసి అమ్మకానికి పెడితే, అంతర్జాలంలో ఉంచి ఆదాయం పొందితే స్వరకర్త హక్కును కొల్లగొట్టినట్టే. భక్తి కారణంగా ఎవరూ నోరు మెదపరు, అంతే.

కొందరికి కలిసొచ్చింది

నష్టమే తప్ప లాభం లేదనుకోవడం కూడా సరికాదు. మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ 2021లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాలలో ఓ పెళ్లికూతురు ఆ పాటకు చేసిన నృత్యం దేశమంతా చుట్టేశాకే అది ఇంటింటి పాటయింది. అక్కడ వినిపించింది అసలు రికార్డే కావడం గమనించాలి. జనం వెళ్లి వెతుక్కున్నదీ తొలి గాయని గొంతునే. రికార్డును వాడుకుని చేసే రీల్స్ వల్ల గాయనికి మేలు జరుగుతుంది. రికార్డును పక్కన పెట్టి తిరిగి పాడే కవర్ వల్ల ఆ మేలు నేరుగా రాదు. చూడటానికి రెండూ ఒకటిగానే కనిపించినా, ఫలితాల్లో ఇంత తేడా ఉంది.

జానపదాల విషయానికొస్తే అసలెవరు, కవరెవరు అన్నదే తేలదు. 2021లోనే ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగదరియా’ పాట దుమారం రేపింది. జనంలో ఉన్న పల్లవిని తీసుకుని సుద్దాల అశోక్ తేజ రాసిన పాటను మంగ్లీ పాడగా, దానిని అంతకుముందే టీవీ వేదికపై పాడి వెలుగులోకి తెచ్చింది తానేనంటూ ఓ జానపద గాయని ముందుకొచ్చారు. దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. రచయిత ఎవరో తెలియని పాటను సేకరించి, కాపాడి, పాడినవారికి చట్టం ఏమీ ఇవ్వదు.

గొంతునే అచ్చు దించితే

ఇంతవరకు కవర్ అంటే మరో మనిషి పాడటం. ఇప్పుడు మనిషే అక్కర్లేని కవర్లు వచ్చాయి. కృత్రిమ మేధ సాయంతో ఏ గొంతునైనా అనుకరించి, ఆ గాయకుడు ఎన్నడూ పాడని పాటను పాడించవచ్చు. 2020 సెప్టెంబరులో కన్నుమూసిన బాలసుబ్రహ్మణ్యం గొంతును 2023 నాటి తెలుగు చిత్రం ‘కీడా కోలా’లో ఇలా పునఃసృష్టించారంటూ ఆయన కుమారుడు ఎస్.పి.చరణ్ చిత్ర బృందానికి నోటీసు పంపారు. తమ కుటుంబ అనుమతి తీసుకోలేదన్నది ఆయన అభ్యంతరం. మరోవైపు తమిళ చిత్రం ‘లాల్ సలామ్’ (2024) కోసం ఎ.ఆర్.రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను, కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి వాడుకున్నారు. అర్జీత్ సింగ్ వేసిన దావాలో బొంబాయి హైకోర్టు 2024 జులైలో గాయకుని గొంతును అనుమతి లేకుండా యంత్రాలతో అనుకరించరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గొంతును అనుకరిస్తే హక్కు లేదన్న పాత లోటును కాపీరైట్ చట్టం ద్వారా కాక, వ్యక్తిత్వ హక్కు అనే మరో దారిలో న్యాయస్థానాలు పూడ్చే ప్రయత్నం చేస్తున్నాయన్నమాట.

దివిసీమలో సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి అంతర్జాలంలో పెడుతున్న యువతకు ఈ సమాచారంతో నేరుగా పని ఉంది. సినిమాకు కాక సొంతంగా చేసిన పాటపై తొలి హక్కు రాసినవారిదే, కట్టినవారిదే. పారితోషికం ఇస్తామంటూ వచ్చే ఛానెళ్లు ముందుగా అడిగేది ఆ హక్కు మొత్తాన్ని రాసివ్వమనే. సంతకానికి ముందు ఎన్నేళ్లకు, ఏయే మాధ్యమాలకు రాసిస్తున్నారో ఒప్పందంలో చూసుకోవాలి. కాలం పేర్కొనకపోతే ఐదేళ్లకు, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి మాత్రమే ఇచ్చినట్లు చట్టం భావిస్తుంది. కవులు, స్వరకర్తలు ఐపీఆర్ఎస్‌లో, గాయకులు 2013లో ఏర్పడిన గాయకుల హక్కుల సంఘంలో సభ్యత్వం తీసుకోవచ్చు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పాట పుట్టిన క్షణమే హక్కు పుడుతుంది. అయితే వివాదం వస్తే తేదీతో కూడిన రుజువు చేతిలో ఉండటం అవసరం. రాసిన ప్రతిని, తొలి రికార్డును తేదీ తెలిసేలా భద్రపరచుకోవాలి.